వణుకు లేని వీడియో

తప్పులుంటే దిద్దుకుని చదవండి. పెద్దతనంలో నేర్చిన అక్షరాలు, కూడబలుక్కుంటూ మెల్లగా వస్తాయి.

వార్తల ఛానల్ ఎడిటింగ్ గదిలోకి ఒకామె గాభరాగా వచ్చి, అద్దం పగిలిన ఫోన్ బల్ల మీద పెట్టింది.

"మా ఆయన మిక్సీలు బాగుచేస్తాడు బాబూ. ఏరు పొంగిందని నాకు చూపించడానికి నిన్న వీడియో తీస్తున్నాడు. అంతలో అక్కడ పడవ బోల్తా పడింది. ఆయన ఇంటికి రాలేదు. ఒడ్డున గడ్డిలో ఫోనొక్కటే దొరికింది."

ఎడిటర్ ఫోన్ అందుకున్నాడు. అతను దిద్దిన వీడియో ఇసుమంతైనా కదలదని ఆఫీసులో అతనికి 'బండరాయి' అని పేరు.

నీళ్ళు, గడ్డి, ఆకాశం గిరగిరా తిరుగుతున్నాయి. మధ్యమధ్య ఏట్లో ఒక చిన్నపిల్ల చేతులూపుతోంది.

"మీ ఆయన ఫోన్ని కూడా మిక్సీలో వేశాడా ఏంటి?"

ఆమె నవ్వలేదు.

"వణుకు కొంచెం తగ్గించండి, చాలు. ఆయన పరుగు మాత్రం ఉంచండి బాబూ. ఎటు పోయాడో దాన్నిబట్టే తెలియాలి."

"నా పని నాకు నేర్పకమ్మా."

బండరాయి పిల్ల మొహాన్ని తెర మధ్యలో బిగించాడు. అంచులు కత్తిరించాడు. వణుకుతో పాటు పరుగూ పోయింది. చివర ఫోన్ గడ్డిలో పడిన ముక్క దండగని తీసేశాడు.

ఇంచార్జ్ భుజం తట్టాడు. "స్టాండు మీద పెట్టి తీసినట్టుందిరా!"

ఛానల్‌లో వీడియో వచ్చాక లోకమూ అదే అంది.

"పిల్ల మునిగిపోతుంటే తాపీగా నిలబడి వీడియో తీశాడు, రాక్షసుడు!"

సాయంత్రానికి ఆమె ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆమె ఛానల్‌కి పరుగెత్తింది.

"ఆయన నిలబడలేదు బాబూ, పరుగెత్తాడు! అసలుది చూపించండి!"

"చూపిస్తే తప్పు మాదని ఒప్పుకున్నట్టు కాదూ? వెళ్ళమ్మా, వెళ్ళు," అన్నాడు ఇంచార్జ్.

ఆమె ఏటి ఒడ్డుకు వెళ్ళి పడవవాడి కాళ్ళ మీద పడింది.

"అన్నా, ఏటి మధ్య దిబ్బ వైపు ఒక్కసారి చూడన్నా!"

"పిల్ల శవం ఆనకట్ట దగ్గరే తేలుతుంది. నీ మొగుడు ఏ కలుగులో దాక్కున్నాడో అక్కడ వెతుక్కో. వాడి కోసం నా తెడ్డు తడవదు."

మర్నాడు ఏరు తగ్గింది. ఆనకట్ట దగ్గర ఏ శవమూ తేలలేదు. దిబ్బ మీది చెట్ల నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తే అప్పుడు కదిలింది పడవ. వెంట ఛానల్ కెమెరా వెళ్ళింది. అది తీస్తున్నది తీస్తున్నట్టే బండరాయి తెర మీదికి వచ్చింది.

పైకొమ్మకి మగవాడి చొక్కాతో కట్టి ఉంది పిల్ల. ప్రాణంతోనే ఉంది.

కింద, చొక్కా లేని మనిషి మానును కావలించుకుని తల వాల్చేశాడు.

పడవవాడు అతని చెయ్యి పట్టి చూశాడు. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"ఎవరమ్మా ఈయన?" పిల్లని అడిగాడు.

"తెలీదు," అంది పిల్ల. "గట్టిగా మాట్లాడకండి, ఇప్పుడే నిద్రపోయాడు... ఇందాకటిదాకా నాకు కబుర్లు చెబుతూనే ఉన్నాడు."

— చిట్టత్త, అరవై ఏడేళ్ళు, ప్రస్తుతం మేనకోడలి ఇంట్లో