పోయినవన్నీ దొరుకుతాయి

"బుర్రుందా మామయ్యగారూ మీకు? ఫోటోల ఫోల్డరు మొత్తం ఎలా డిలీట్ చేశారు?" అల్లుడు ఫోన్లో అరిచాడు.

"ఏదో నొక్కాను బాబూ, మాయమైపోయాయి. రీసైకిల్ బిన్‌లో కూడా లేవు," అన్నాడు మామగారు, గొంతులోకి చేతనైనంత వణుకు తెచ్చుకుని.

"అంటే అది కూడా ఊడ్చేశారన్న మాట. శభాష్! మీకు కంప్యూటర్ కొనిచ్చినవాణ్ణి అనాలి."

మామగారికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకో నాలుగు తిట్టినా ఆయనకు సంతోషమే. నిజానికి ఆ వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా, డబ్బు పెట్టక్కర్లేని సాఫ్ట్‌వేరేదో వెతికి బాగుచేసిపెట్టేది ఆయనే. ఆ ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, పొద్దున్నే కావాలని చెరిపేశాడు. గంటకోసారి ఆఫీసు నుంచి ఇంటికెళ్లి పెళ్లాం ఉందో లేదో చూసుకునే అల్లుణ్ణి మధ్యాహ్నం పన్నెండు దాకా కుర్చీలోంచి లేవనివ్వకూడదు. పోయిన నెల వాడు విరగ్గొట్టిన అమ్మాయి చేతికి మొన్ననే కట్టు విప్పారు. ఆ రోజే అమ్మాయి ఇల్లు వదిలి పారిపోవడానికి ఒప్పుకుంది. వేరే ఊళ్లో హాస్టలూ ఉద్యోగమూ ఆయనే చూసిపెట్టాడు. పన్నెండింటికి బస్సు. మామగారిని చవట అనే అవకాశం దొరికితే అల్లుడు అన్నం తినడం కూడా మర్చిపోతాడని ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

"రిమోట్ సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్తాను, ఫ్రీయే, దింపుకోండి. మీ కంప్యూటర్ నేనిక్కణ్ణించే చూస్తా. తెరిస్తే తొమ్మిదంకెల నంబరొస్తుంది, చదవండి."

ఆయన చదివాడు. రెండుసార్లు తప్పు చదివాడు.

"అది ఒకటా, ఏడా? అంకెలు కూడా రావా మీకు?"

"కళ్లజోడు మార్చాలి బాబూ."

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య తన ఫోను ఆయన ముక్కు ముందు పెట్టింది. సర్దుకున్నానని అమ్మాయి మెసేజి పెట్టింది. టైము పదీ నలభై.

అల్లుడి బాణం తెర మీద తిరగడం మొదలుపెట్టింది. పోయిన ఫైళ్లు వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపాడు. "ఇది కూడా ఫ్రీయే. మీకు తగ్గట్టే. పైపైన చూడమంటే ఐదు నిమిషాలు, డిస్కంతా తవ్వి చూడమంటే గంటకి పైనే. ఏది పెట్టను?"

మామగారి మనసు ఎగిరి గంతేసింది. "అంతా తవ్వేదే పెట్టండి బాబూ. మీ అత్తయ్యగారి చిన్నప్పటి ఫోటోలున్నాయి. ఒక్కటి తగ్గినా నన్ను బతకనివ్వదు."

ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెర మీద ఒక్కొక్క ఫైలే తేలుతోంది. అల్లుడు దేన్నీ వదలడం లేదు. "ఏంటీ చెత్త? పాత కరెంటు బిల్లు. మీ బీపీ రిపోర్టు. పిల్లి ఫోటోలు... ఇన్ని పిల్లులెందుకండీ ఒక మనిషికి?"

"ఒకటే పిల్లి బాబూ."

తెర మీద బాణం కదలడం ఆగిపోయింది. మామగారికి కంగారు పుట్టింది.

"బాబూ, ఉన్నారా?"

"ఉన్నా." వాడి గొంతు మెత్తబడింది. "టీ తాగారా మామయ్యగారూ?"

ఆరేళ్లలో ఆ నోటి వెంట వినని మాట. మామగారు తడబడ్డాడు. "ఇంకా లేదు బాబూ."

"తాగండి. ఇది ఇంకా చాలాసేపు తిరుగుతుంది. నాకు చిన్న మీటింగుంది. ఫోను మ్యూట్‌లో పెడతాను, మీరు లైన్ కట్ చెయ్యకండి. కంప్యూటర్ మాత్రం ముట్టుకోకండి."

"మీరెలా చెప్తే అలాగే."

మామగారు ఫోను దిండు కిందికి తోశాడు. "మీటింగుట! మనం అడక్కుండానే ఇరుక్కున్నాడు," అన్నాడు గుసగుసగా.

"ఇంటికి పోడు కదా?" భార్యకి ఇంకా దడ తగ్గలేదు.

"ఎక్కడికి పోతాడు? బాణం చూడు, ఇక్కడే ఉంది. లైన్లో కూడా ఉన్నాడు."

ఇద్దరూ ఆవిడ ఫోను మీదికి వంగారు. పదకొండుంపావుకి అమ్మాయి ఆటో ఎక్కింది. పదకొండూ నలభైకి బస్సెక్కింది, కిటికీ సీటు. పన్నెండూ ఐదుకి ఆఖరి మెసేజి వచ్చింది. "కదిలింది నాన్నా. మీరు చెప్పినట్టే సిమ్ తీసి పారేస్తున్నా. అక్కడికెళ్లాక కొత్త నంబరు నుంచి చేస్తా."

మామగారికి ఏడుపొచ్చింది. ఆ సంబంధం తెచ్చింది తనే. అమ్మాయి కట్టు కట్టుకుని వచ్చిన రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. భార్య చేతులు రెండూ పట్టుకుని గట్టిగా నొక్కాడు. "బయటపడిందే! వెధవ, వాడి చేత్తోనే కాపలా మాన్పించాను చూశావా!"

"ష్, వింటాడు," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే.

దిండు కింద ఫోను పలికింది. మామగారు గొంతు సవరించుకుని తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల లారీల హారన్లు వినిపిస్తున్నాయి.

"అయిపోయిందా మామయ్యగారూ స్కానింగు?"

"అయిపోయింది బాబూ, వంద శాతం. ఫోటోలన్నీ వచ్చేశాయి. మీ మేలు మర్చిపోలేను."

"నేనూ మీ మేలు మర్చిపోలేను. నిన్న మీరు డిలీట్ చేసిన బస్సు టికెట్ కూడా అందులోనే వచ్చింది కదా, మీ అమ్మాయి పక్క సీటు ఖాళీగా ఉంటే నేను తీసుకున్నా, ఊరి బయట స్టాపులో ఉన్నాను... అదిగో, బస్సొచ్చేసింది, ఉంటానండీ."