వెంట్రుకవాసి

పెర్త్‌లో కర్లింగ్ ఫైనల్, అదే మంచు మీద బరువైన రాళ్లను గురికి జార్చే ఆట, నాటికి మా గొర్రెల ఉన్ని అమ్మగా నా చేతిలో ఎనిమిది వందల పౌండ్లు ఉన్నాయి. మా జట్టు గెలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు కనుక, పందెంలో మా మీద పౌండుకు నాలుగిస్తామన్నారు. ఆడేవాళ్లు పందెం కాయకూడదు. పొరుగింటి టావిష్ పేరున మొత్తం కాశాను.

ఆఖరి రాయి నేనే వదిలాను. నా జట్టులోనే ఆడే నా కూతురు ఏలీ, రాయి ఇంకా జారేలా దాని ముందు మంచును చీపురుతో రుద్దుతూ పరుగెత్తింది. రాయి గురి నడిమధ్యన ఆగింది. జనం కేకలేశారు.

ఏలీ ఒక్క క్షణం నావైపు చూసి, చెయ్యెత్తింది.

“నా చీపురు రాయికి తగిలింది. ఇది చెల్లదు, తీసెయ్యండి.”

ఓడిపోయాం.

“మతి పోయిందా? ఎవరూ చూడలేదు కదే!” అన్నాను బయటికొచ్చాక.

“తగిలితే మనమే చెప్పాలని నేర్పింది నువ్వేగా నాన్నా?”

“నేర్పాన్లే! వెంట్రుకవాసి తగిలితే కొంప మునిగిందా?”

ఏలీ ముఖం పాలిపోయింది.

“అయితే నువ్వు చూశావన్నమాట. నువ్వే చెబుతావని ఆగాను. చెప్పకపోతే, పాపం చూడలేదేమో అనుకున్నా.”

పందెం సంగతి తనకు చెప్పలేదు. ఎనిమిది వందలూ పోయాయి. అప్పటిదాకా నా కూతురు నన్నెంత పెద్దమనిషనుకునేదో తెలిసింది. నాకు దక్కింది అదొక్కటే.