వద్దన్న ఆపరేషన్

"మీ ఆవిడ ఆపరేషన్ వద్దన్నారు కదండీ, ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేయమంటారా?" అని ఆస్పత్రి నర్సు ఫోన్లో అడిగేసరికి, ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టిన చెకింగ్ ఇన్‌స్పెక్టరు అలాగే నిలబడిపోయాడు. వద్దందా? ఎప్పుడు? తనతో ఒక్క మాటైనా అనలేదే. తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాడు. ఆ బస్సులో టికెట్ లేకుండా ఎంతమంది హాయిగా దిగిపోయారో దేవుడికే తెలియాలి.

అది క్యాన్సరుకు రొమ్ము తీసేసిన చోట కొత్తది కట్టే ఆపరేషన్. దాని గురించి మొగుడూ పెళ్ళాలు ఎన్ని సాయంత్రాలు తర్జనభర్జన పడ్డారో. సిలికాన్ సంచి పెడితే ఆపరేషన్ చిన్నదే, కానీ కొన్నేళ్ళకు మళ్ళీ మార్చాల్సి రావచ్చు. పైగా రేడియేషన్ పడిన చర్మం దానితో సర్దుకుపోతుందో లేదో. పొత్తికడుపు మీది చర్మం, కొవ్వు తీసి కడితే రెండు చోట్ల గాయం, ఎక్కువ రోజుల మంచం, కానీ అది తన ఒంటిదే. రెండూ కాదంటే జాకెట్టు లోపల మెత్త పెట్టుకుని తిరగడం. నువ్వెలా ఉన్నా నాకొకటే అని అతనంటే, మీ కోసం ఎవరు చేయించుకుంటున్నారు, అద్దంలో నన్ను నేను చూసుకోవద్దా అని ఆమె కసిరింది. చివరికి పొట్టకే ఓటేసింది. ఇన్నాళ్ళకి నా పొట్ట ఒక పనికొచ్చిందని నవ్వింది కూడా. అంత ముచ్చటపడ్డ మనిషి ఇప్పుడు వద్దంటుందా?

ఇన్‌స్పెక్టరంటే అనుమానించినందుకు జీతం తీసుకునే మనిషి. ఇంటికొచ్చి చెప్పులు విడిచినా ఆ బుద్ధి విడవడు. నేరుగా అడగకుండా, ఆపరేషన్ దగ్గర పడుతోంది, సెలవు పెట్టనా అన్నాడు. అప్పుడే తొందరేముంది, చూద్దాం లెండి అని ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. టికెట్ లేనివాళ్ళందరూ చూసేది అటువైపే. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఇక నిఘా మొదలైంది. ఆమె ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోతోంది. అతను వెనకాల వెళితే మాట మార్చేస్తోంది. ఒకసారి "సరే డాక్టరుగారూ" అన్న ముక్క స్పష్టంగా చెవిన పడింది. ఆపరేషనే వద్దన్న మనిషికి ఆపరేషన్ చేసే డాక్టరుతో పనేమిటి? అందులోనూ ఆ డాక్టరు పడుచువాడు, గడ్డం తీరుగా కత్తిరించుకుని సినిమా హీరోలా ఉంటాడు. అతను అన్నం తింటుంటే ఆమె దొంగచాటుగా అతనికేసి చూడటం, కళ్ళలో నీళ్ళు తిరిగితే గబుక్కున వంటింట్లోకి పోవడం కూడా అతని దృష్టి దాటిపోలేదు. చేసిన తప్పు లోపల కెలుకుతోంది కాబోలు అనుకున్నాడు. జబ్బుతో అంత నలిగిపోయిన మనిషిని అనుమానిస్తున్నందుకు సిగ్గేసింది. అయినా అనుమానం ఆగలేదు. క్యాన్సరు నోట్లోంచి లాక్కొచ్చుకున్న పెళ్ళాన్ని ఈ గడ్డం డాక్టరు తన్నుకుపోతాడా అని బాత్‌రూంలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె, అక్కా వాళ్ళింటికి వెళ్ళొస్తాను, కాస్త ఆలస్యమవుతుంది అంది. అతను తలూపి, డ్యూటీకి పోతున్నట్టు యూనిఫారం వేసుకుని వీధి మలుపులో కాపు కాశాడు. ఆమె ఎక్కిన బస్సే వెనక తలుపులోంచి ఎక్కాడు. బస్సు అక్కా వాళ్ళ వీధి దాటేసింది. ఆమె దిగలేదు. ఆస్పత్రి దగ్గర మాత్రం తీరిగ్గా దిగి, వెనక్కి తిరిగైనా చూడకుండా లోపలికి వెళ్ళింది.

అతనూ వెనకాలే వెళితే, మూసిన డాక్టరు గది తలుపు ముందు ఫోన్ చేసిన ఆ నర్సే కూర్చుని ఉంది. లోపల పేషెంటు ఉన్నారని అతన్ని ఆపాల్సింది పోయి, చిన్నగా నవ్వి పక్కకు తప్పుకుంది. ఇది కూడా ఆ జట్టులోదే అనుకుంటూ తలుపు ధడాలున తోశాడు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆమె బెదరలేదు, లేవలేదు. అదే అతన్ని మరీ రగిలించింది.

"దొరికావు. ఇదేనా మీ అక్కా వాళ్ళిల్లు?" అన్నాడు.

డాక్టరు లేచి, అతని వెనకాల తలుపు గడియ పెట్టాడు. పరీక్ష బల్ల చుట్టూ తెర లాగి, చేతులకు గ్లౌజులు తొడుక్కున్నాడు.

"ఈ వారంలోనే వస్తారని మీ ఆవిడ చెప్పారు. చొక్కా విప్పి పడుకోండి."

"నేనా? పేషెంటు ఆవిడ. నేను కాదు."

ఆమె వచ్చి అతని చొక్కా పై గుండీ తనే విప్పింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మీ ఒంటి కోసం ఆస్పత్రికి రమ్మంటే మీరు ఛస్తే రారు. అనుమానం వస్తే మాత్రం ఎంత దూరమైనా వస్తారు. అందుకే నర్సు చేత ఫోన్ చేయించాను. ఇద్దరం ఒకేసారి మంచమెక్కితే చూసేదెవరని నా ఆపరేషన్ నిజంగానే ఆపేశాను" అంది. ఇంకో గుండీ విప్పింది. "ఇది మగవాళ్ళకీ వస్తుందటండీ. మొన్న జలుబు చేసిందని మీ ఛాతీకి బామ్ రాస్తుంటే, అప్పుడు నాకు తగిలిన గడ్డలాంటిదే మీ ఎడమ రొమ్ములో తగిలింది."