పడని తాడిచెట్టు

వానలు వెనకబట్టగానే పైడన్న తాను గీసిన బొమ్మలన్నీ వాకిట్లో ఎండకు పెట్టాడు. సముద్రపొడ్డున ఉన్న మార్కండిలో ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, ప్లైవుడ్ ముక్క ఎంత? పలకల వెనక తెల్లగా బూజు పట్టింది. పాత లుంగీ గుడ్డతో తుడిచి, ఒక్కోటీ గోడకు ఆనించి వరసగా నిలబెట్టాడు.

అన్నీ నూనె రంగుల బొమ్మలే. ఒకప్పుడు పడవల మీద పేర్లు రాసిన చెయ్యి అది. వేట మానేశాక బరంపురం వెళ్లి రంగుల ట్యూబులు, కుంచెలు తెచ్చుకుని తనకు తానే నేర్చుకున్నాడు. మొదటి బొమ్మలో కొండలు ఎండేసిన పిడకల్లా ఉన్నాయి. తర్వాతి వాటిలో కొండకు నీలం వచ్చింది, ఇసుకకు తడి వచ్చింది. పొద్దు పొడిచే వేళ ఒడ్డు మీద పడే ఆ పలచని ఎరుపు పట్టుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఎవరైనా ఒడ్డున నిలబడి సముద్రాన్ని గీస్తారు. పైడన్న సముద్రంలోంచి ఒడ్డును గీశాడు. ప్రతి బొమ్మలోనూ ముందు నీళ్లు, అవతల ఇసుక, ఆ ఇసుక మీద బుట్ట పట్టుకుని ఆకుపచ్చ చీరలో ఒక ఆడమనిషి.

"నన్ను మరీ సీమంత సిన్నగా సేసీసినావు. కాస్త దగ్గిరగా గియ్యలేవేటి?" అంది కాసమ్మ, అరుగు మీద ఎండుచేపలు ఏరుతూ.

"అక్కడినించి నువ్వంతే అవుపిస్తావే."

"ఆ పచ్చకోక సిరిగిపోయి సానా కాలమయింది. కొత్తకోక కట్టు నాకు."

పైడన్న లోపలికెళ్లి భార్య గుండె మాత్ర, చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆమె మింగేదాకా పక్కనే నిలబడ్డాడు.

అప్పుడే మసేను వచ్చాడు. వరసకు మేనల్లుడు, సొంత పడవ ఉన్నవాడు.

"ఏటి చిత్రకార్ బాబూ, ఈదిలోనే దుకానం ఎట్టీసినావు?" అన్నాడు నవ్వుతూ.

వరస చివరిదాకా నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. నవ్వు ఆగిపోయింది.

"మావా, ఇవన్నీ ఒకే సోటు."

మసేను వేలు పెట్టి చూపించాడు.

"రెండు కొండల సందులో సరీగ్గా తాడిసెట్టు. ఇటేపు సరుగుడు తోట కొసకి ఛత్రపూర్ పేక్టరీ పొగగొట్టం. ఏ బొమ్మ సూసినా అంతే. ఎంట్రుకంత తేడా లేదు."

సముద్రంలో దారులుండవు. ఒడ్డు మీద ఏ చెట్టు ఏ కొండ కిందికి వచ్చిందో చూసుకుని పడవవాడు తన చోటు కనిపెడతాడు. చేపలు పడే చోటు గుర్తులు సొంత తమ్ముడికి కూడా చెప్పడు. ఆడవాళ్లకు అసలే చెప్పడు. ఆ తాడిచెట్టు మొన్నటి తుఫానుకు కూలిపోయింది. కానీ ఆ తర్వాత గీసిన బొమ్మల్లో కూడా పైడన్న దాన్ని నిలబెట్టే ఉంచాడు.

"ఫోనులో జీపీయస్ ఉన్నాది గానీ, మీ ముసిలోళ్ల సోట్లు దాన్లో ఎక్కడున్నాయి?" అన్నాడు మసేను. "తాడిసెట్టు మొదలు ఇంకా ఉన్నాది కదా. అక్కడ గెడ పాతి గుడ్డ కడతాను. రేపే పడవ తీస్తాను."

"అక్కడ రాయున్నాదిరా. వల సిరిగిపోద్ది."

"రాయున్న కాడే కదా మావా సేపుంటాది! నాకే సెప్తావేటి?"

"ఒద్దురా మసేనూ." పైడన్న గొంతు మారింది. "సంద్రంలో ఇంకే సోటైనా సూపిస్తాను. అక్కడ మాత్తరం వల ఎయ్యకు. నీ కాళ్లట్టుకుంటాను."

ముసలాయన నిజంగానే వంగబోయాడు. మసేను చప్పున వెనక్కి జరిగాడు. కానీ జాలి కన్నా కోపమే ముందొచ్చింది.

"ఎవులికి దాస్తన్నావు? నీ కొడుకు రాజాకా? ఆడు సూరత్ మగ్గాల కాడ దారాలు లాగుతున్నాడు. ఆడు ఎల్లిన కాడ్నించి నువ్వు తెప్ప అమ్మీసి కుంచె అట్టుకున్నావు. ఇంకెవులికి మావా ఆ సోటు?"

"ఆడి మాట ఎత్తకురా నా ముందర." కాసమ్మ చేట పక్కన పెట్టేసింది. "అయ్యతో యేటకెల్లి, గోపాల్‌పూర్ కాడ తెప్ప దిగి, అటే బరంపురంలో రైలెక్కీసినాడు. కన్నతల్లికి ఒక్క మాట సెప్పినాడా? ఒక్క పోను సేసినాడా? ఈ దసరాకైనా బుద్దొస్తాదేమో."

"వస్తాడులే" అన్నాడు పైడన్న, నేల చూస్తూ.

"నువ్వెప్పుడూ అదే సెప్తావు."

అతను బొమ్మలు రెండేసి చొప్పున చంకలో పెట్టుకుని లోపలికి మోయడం మొదలెట్టాడు. చివరి రెండూ ఎత్తేలోపే మసేను ఫోను తీసి ఫొటో తీసేసుకున్నాడు. పైడన్న చూశాడు. ఆ రెండూ ఎత్తుకున్నాడు. లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మసేను వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక ఆయాసం వినిపించింది. కాసమ్మ. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి గోడ మీద.

"ఏటత్తా, ఇలా పరిగెట్టొచ్చీసినావు? ఆ మాత్రలేసుకునే మనిసివి!"

ఆమె ఇంటివైపు తిరిగి చూసింది. లోపల పలకలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. బొమ్మలన్నీ గోడవైపు తిప్పి పెడుతున్నాడు కాబోలు.

కాసమ్మ మసేను చేతిలోని ఫోనును రెండు చేతులతోనూ పట్టుకుంది. బాగా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించింది.

"నాకు తెలుసని మీ మావకి తెలీకూడదు, తెలిస్తే ఆ ముసిలోడు బతకడు" అంది. "అక్కడ వల ఎయ్యకు నాయినా, మా రాజా ఆ నీళ్ల కిందే ఉన్నాడు."