ఆడవాళ్ళ తలుపు

“కత్తెర ఇలా ఇవ్వండి అయ్యగారూ. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి,” అంది కృపాబాయి.

“రిబ్బన్ కట్టనివ్వండి అమ్మగారూ,” అన్నారు పాస్టర్ సంతోషంగారు.

గ్వెల్ఫ్ నగరం శివార్లలో ఇంగ్లండు పల్లెల పద్ధతిలో కట్టిన ఆ పాత పబ్బు ఈ రోజు నుంచి తెలుగు ప్రార్థనా మందిరం. పక్క తలుపు మీద రాతిలో చెక్కిన అక్షరాలు తీయించేద్దామని కమిటీ అంటే కృపాబాయే ఒప్పుకోలేదు. ‘లేడీస్’ అని ఉందిగా, మన ఊరి చర్చిలోలాగే ఆడవాళ్ళకు వేరే తలుపు ఉండాలని పట్టుబట్టింది.

ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. “ఫెయిత్, ఆ లేడీస్ పక్కన ఇంకో మాటేంటే?”

“ఎస్కార్ట్స్, అమ్మమ్మా.” మనవరాలు ఫోన్‌లో వెతికింది. “ఓ, దట్స్ సో మీన్. తోడు మగాళ్ళుంటేనే లేడీస్‌ని రానిచ్చేవాళ్ళట.”

“ఒంటరిగా వస్తే?”

“నో ఎంట్రీ. ఏ డోర్‌లోనూ.”

కృపాబాయి వెనక్కి చూసింది. ఆడవాళ్ళ వరసలో సగం మంది తనలాగే భర్తలు పోయినవాళ్ళు. మిగతావాళ్ళు భర్తలను షిఫ్టులకు పంపి ఒంటరిగా వచ్చినవాళ్ళు.

పక్క తలుపుకు రిబ్బన్ కట్టడం అయింది. ఆమె కోయలేదు. మగవాళ్ళ కోసమని ఉంచిన ముందు గుమ్మం వైపు నడిచింది. ఆడవాళ్ళందరూ ఆమె వెంట కదిలారు. అక్కడున్న మగవాళ్ళు పక్కకు జరిగారు.

“అమ్మగారూ, మరి ఈ తలుపు?” అన్నారు పాస్టరుగారు.

“మగవాళ్ళకు వదిలెయ్యండి అయ్యగారూ. ఆడతోడు లేకుండా వస్తే మాత్రం రానివ్వకండి.”