మూడడుగుల నందివర్ధనం

పక్కింటి జాగాలో మూడడుగులు నొక్కెయ్యాలని యలమందయ్య నిర్ణయించుకున్నది, ఆ ఇంటి జయకుమారి చీరాల బస్సెక్కిన రోజునే. వాళ్ళక్కకి కంటి ఆపరేషన్. ఇరవై రోజుల దాకా రాదు.

పర్చూరులో ఆ రెండిళ్ళ మధ్య గోడ లేదు. ఐదు నందివర్ధనం చెట్లే సరిహద్దు. గృహప్రవేశం నాడు యలమందయ్య స్వయంగా నాటాడు. పదిహేనేళ్ళలో మనిషెత్తు పెరిగి గుబురుగా అల్లుకున్నాయి. చెట్లు ఎక్కడుంటే హద్దు అక్కడ.

ఇల్లు కట్టినప్పుడే కారు పట్టేంత జాగా వదులుకున్నాడు. తీరా మొన్న కారు కొని, షెడ్డు వేద్దామని టేపు పెడితే మూడడుగులు తక్కువొచ్చింది. ఈ కాలం కార్లు మరీ వెడల్పని తిట్టుకున్నాడు. వీధిలో నిలబెట్టిన కొత్త కారు తలుపుకి ఓ గేదె తీరిగ్గా వీపు గోక్కుని పోయింది. అది చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. పోయినేడు భార్యతో కాశీ వెళ్ళి వంకాయ వదిలేసి వచ్చాడు గానీ, ఆశ వదిలే మనిషి కాదు.

మొక్కల పని చేసే నాగూర్ వలిని పిలిపించాడు.

"ఒరేయ్ వలీ, ఈ ఐదూ అటేపు మూడడుగులు జరపాలి. బతుకుతాయా?"

వలి చెట్ల వంక చూశాడు. ఆయన వంక చూశాడు.

"తప్పు కదా బాబాయ్?"

"వామనుడంతటి వాడే మూడడుగులు అడిగాడు. నేనేమన్నా ఎకరం అడిగానా?"

"సరేలే. ముసురు పట్టింది, మంచి అదునే. బతుకుతాయి."

వీధిలో ఎవరన్నా అడిగితే వేరుపురుగుకి మందు వేస్తున్నామని చెప్పాలనుకున్నారు. వలి కొమ్మలు సగానికి కత్తిరించి, చెట్టు చుట్టూ గుండ్రంగా తవ్వాడు. మొదటిది పైకి లేపుతుంటే వేళ్ళ మధ్య చివికిన గోతం పీలికలు కనిపించాయి.

"ఈ చెత్తెక్కడిదిరా?" అన్నాడు యలమందయ్య.

"నేలన్నాక ఏదో ఒకటి ఉంటుంది బాబాయ్," అన్నాడు వలి పక్కకి తిరిగి.

మట్టి ముద్ద చెదరకుండా వేళ్ళని మిరపకాయల గోతంలో చుట్టి కొత్త గుంటలో దించాడు. గోతంతో సహా పూడ్చేశాడు. అదే కుళ్ళి మట్టిలో కలిసిపోతుందన్నాడు. ఆ ఘాటుకి యలమందయ్య పదకొండు సార్లు తుమ్మాడు. అంత ముదురు చెట్లకి రెండు రోజులు పడుతుందనుకుంటే, మధ్యాహ్నానికే పని తెమిలిపోయింది. దేవుడు కూడా తన పక్షమేనని మురిసిపోయాడు.

ఇరవై రోజులకి కొమ్మకొమ్మా చిగురేసింది. జయకుమారి ఆటో దిగి, సంచీ అరుగు మీద పెట్టి, తిన్నగా చెట్ల దగ్గరికే వచ్చింది. యలమందయ్య ఎండుటాకులు ఏరుతున్నట్టు వంగాడు.

"బాబాయి గారూ..."

"ఏంటమ్మాయ్?"

"కొమ్మలు కొట్టించారా? భలే చిగురేశాయే! మీ చెయ్యి మంచిదండీ."

"ఆఁ... అంతా వాన దయ," అన్నాడాయన. లోపలికి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగాడు. గంట తిరక్కుండా షెడ్డు వేసేవాణ్ణి పిలిపించి కొలతలిచ్చాడు. ఈసారి టేపు సరిగ్గా సరిపోయింది.

ఆ సాయంత్రం జయకుమారి పెరట్లో టీ గ్లాసు పట్టుకుని నాగూర్ వలి నసుగుతున్నాడు.

"మూడడుగులు జరిపించాడమ్మా. కాదంటే వేరేవాణ్ణి పిలుస్తాడని నేనే చేశాను."

జయకుమారి కిసుక్కున నవ్వింది.

"పోనీలే వలీ, పోయినేడు ఆయన కాశీలో ఉన్నప్పుడు మనం అటేపు జరిపింది నాలుగు కదా, ఇంకా అడుగు నాదే!"