కార్డు లేని ట్యూబు

రెండు ఫైళ్ళూ కలపగానే నూట పది మంది కాస్తా మూడు వందలు దాటారు.

పద్మిని కంప్యూటర్ తెర వంక అయోమయంగా చూసింది. మొదటి ఫైల్లో రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి. చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఉగాది పాట్‌లక్ భోజనాల రోజున స్కూల్ కాఫెటీరియాలో అందరిచేతా కార్డులు నింపించి, స్నేహితురాలు నళిని టైప్ చేసింది. రెండోది ల్యాబ్ పంపిన ఫైలు. అందులో పేర్లుండవు. ట్యూబు మీద అడిగి రాసిన పుట్టిన తేదీ, ఆడో మగో, రక్తం వివరాలు, అంతే. తేదీని బట్టి రెండూ కలిపితే, హరనాథ్‌కి ఎముక మూలుగ ఇవ్వగలిగేదెవరో తెలుస్తుంది.

హరనాథ్ ఆమె భర్త. ల్యుకేమియా. తమ్ముళ్ళిద్దరిదీ సరిపోలేదు. ఆగస్టు దాటితే కష్టమన్నాడు డాక్టర్.

"ఇంతమంది జూలై ఒకటినే పుట్టారేమిటి? మీ దేశంలో ఆ రోజేమైనా పండగా?" అన్నాడు వెనక నుంచి ఆమె బాస్.

చాలా రోజుల తర్వాత పద్మినికి నవ్వొచ్చింది. బళ్ళో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టర్లు వేసేసిన తేదీ అది. వాళ్ళింట్లోనూ అలాంటి పుట్టినరోజు ఒకటుంది. జూలై ఒకటి కార్డు ప్రతిదీ ఆ తేదీ ట్యూబులన్నిటికీ అతుక్కుపోయింది.

కార్డుల్లో రాసిన బ్లడ్ గ్రూపు కూడా చేర్చి మళ్ళీ కలిపింది. అప్పటికీ తేలని నలుగురికి మళ్ళీ పరీక్ష చేయించింది. చివరికి ప్రతి కార్డుకీ ఒక ట్యూబు దొరికింది.

ఒక ట్యూబు మాత్రం మిగిలిపోయింది. మగ. జూలై ఒకటి. కార్డు లేదు.

హరనాథ్‌కి అన్నివిధాలా సరిపోయింది అదొక్కటే.

"ఎవరో కార్డు రాయకుండా వెళ్ళిపోయారక్కా," అంది నళిని ఫోన్లో. "నాదే తప్పు. భోజనాల హడావిడిలో పడిపోయాను."

"శ్యామ్‌సుందర్ కాదు కదా?"

"ఆ మహానుభావుడా! ఆరడుగుల మనిషి, సూది చూడగానే పార్కింగ్ లాట్ దాకా పరుగు! మీవారే కదా బతిమాలి వెనక్కి తీసుకొచ్చారు. కార్డు కూడా రాశాడులే."

పద్మిని అందరికీ ఫోన్లు చేసింది. ఆ రోజు మిల్వాకీ నుంచి వచ్చిన చుట్టాలనీ వదల్లేదు. ఇండియన్ గ్రోసరీ షాపుల్లో కాగితాలు అంటించింది. నేనే అంటూ ఒక్కరూ రాలేదు.

హరనాథ్‌తో మాత్రం, "మనిషి దొరికాడండీ. ఇండియా వెళ్ళాడట, రాగానే మొదలుపెడతారు," అని చెప్పింది.

"వచ్చాడా?" అని అతను రోజూ అడిగేవాడు. "అత్తగారింట్లో మకాం వేసుంటాడు. ఇప్పుడప్పుడే కదలడు," అని తనే జోక్ వేసేవాడు.

ఆగస్టు ఆఖరయ్యేసరికి డాక్టర్ మూలుగ మాట ఎత్తడం మానేశాడు. ఆ సాయంత్రం పద్మిని ఇక దాచలేకపోయింది.

"ఆయన ఇండియాలో లేడండీ. అసలెవరో కూడా తెలీదు. ట్యూబుంది, కార్డు లేదు. మగ, జూలై ఒకటి. అంతే."

హరనాథ్ ఆమె చెయ్యి కోసం దుప్పటి మీద తడిమి పట్టుకున్నాడు.

"పద్మినీ... శ్యామ్‌కి భయం పోవాలని వాడి కళ్ళముందు ముందుగా నేనే సూది గుచ్చించుకున్నాను, రోగికి కార్డెందుకులే అని రాయలేదు."